రంగులక్క పేజీలో ఖాళీలు

ముందు ఆ చప్పుడే వినిపించింది. టప్, టప్, టప్. తడిబట్టను ఎవరో బండకేసి కొడుతున్నట్టు మోగి, కాసేపు ఆగి, మళ్లీ మొదలయ్యేది. నేను జెరాక్సు షాపు పైనున్న కంప్యూటర్ సెంటరు మెట్లెక్కుతున్నాను. సాయంత్రం బ్యాచిలో నాకది మొదటి రోజు. తలుపు తీసి చూస్తే చివరి బెంచీలో ఒకావిడ బొటనవేలితో స్పేస్ బారును మోదుతోంది. ఒక్కో దెబ్బకూ ఆమె తల కుడివైపుకు కొద్దిగా వాలుతోంది, తెర మీది అక్షరాన్ని భుజంతో నెడుతున్నట్టు. గోళ్ల చుట్టూ ఎరుపు, నీలం ఇంకిపోయి ఉన్నాయి. చీర అంచు మీద తెల్లటి చుక్కలు, ఎప్పుడో కురిసి ఆరిపోయిన వాన లాగా.

"ఆంటీ, ఆ స్పేస్ బారు మీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు, సెంటరుది. కాస్త మెల్లగా కొట్టండి," అన్నాడు సారు. ఆయనకు ఆమె వయసులో సగం కూడా ఉండదు.

బ్యాచి అంతా నవ్వింది.

"నేనుండేది పుట్టింట్లోనే సారూ. అక్కడా నాదంటూ ఏమీ లేదు. ఇక్కడ మాత్రం ఎందుకుంటుంది," అందామె, తల తిప్పకుండా. మళ్లీ టప్, టప్.

ఖాళీగా ఉన్నది ఆమె పక్క చోటే. అక్కడే కూర్చున్నాను. అలా పరిచయమైంది రంగులక్క.

వీధంతా ఆమెను అలాగే పిలిచేది. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు. గోడల మీదా దుకాణాల నెత్తినా అక్షరాలు రాయడం ఆమె పని. తండ్రిదీ అదే పని. ఆయన ఆమెకు పెళ్లి చేసి పంపిస్తే, ఆ పెళ్లి రంగు ఆరకముందే పెచ్చులూడింది. ఆమె తిరిగొచ్చి, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా, తండ్రి పక్కన ఇంకో నిచ్చెన వేసుకుని ఎక్కింది. తమ్ముడు కూడా ఆ తండ్రి చేతి కిందే రాత నేర్చాడు. కానీ అతనికి ఆరేదాకా ఆగే ఓపిక లేదు. ఫ్లెక్సు మెషీను కొన్నాడు. ఆమె ఒక అక్షరానికి నీడ వేసేలోపు ఆ మెషీను ఊరికి సరిపడా నవ్వు ముఖాలను ఉమ్మేసేది.

తండ్రి పోయాక ఇల్లు తమ్ముడి చేతికొచ్చింది. వెనక భాగంలో మెషీను. వీధివైపు ముందుగది రంగులక్కది. తండ్రి కూడా ఆ గదిలోనే పని చేసేవాడు. ఎత్తులో ఒక కిటికీ ఉంది, దాంట్లోంచి ఎండ పడదు, వెలుతురు మాత్రం దిగుతుంది. పొద్దున ఎలా ఉంటుందో సాయంత్రమూ దాదాపు అలాగే, పాలు పోసి కదపకుండా ఉంచినట్టు. అక్షరాలు రాసేవాళ్లకు అలాంటి వెలుతురు ఊరికే దొరకదు. ఆ గది కోసమే ఆమె మిగతావన్నీ మింగింది.

మింగడానికి చాలా ఉండేవి. తమ్ముడి భార్యకు, అంటే ఆమె మరదలికి, ఒక ఆడపిల్ల పుట్టి, పేరు పెట్టకముందే పోయింది. డాక్టరు ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు. మరదలు చెప్పింది మాత్రం వీధంతటికీ గుర్తుంది: "వదిన రంగుల్లో కలిపే టర్పెంటైను వాసనే నా బిడ్డను తినేసింది." ఆ రోజు నుంచి రంగులక్క ముందుగది లోపలి తలుపుకు, కింద సందులో, పాతగుడ్డ కుక్కి పని చేసుకునేది. ఎదురుమాట ఒక్కటీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనని జనం అనుకున్నారు.

ఇప్పుడు తమ్ముడికి ఇంకో మెషీను రావాలి. అది పట్టే చోటు ముందుగదే.

"అక్కా, ఆ గదిలోంచి ఇంటికి వచ్చేది వాసనొక్కటే," అన్నాడట.

"మనుషులు గోడరాతకు మళ్లీ వస్తున్నారురా. వాళ్లకు నేనెక్కడున్నానో తెలియట్లేదు."

"అయితే తెలియజెయ్యి. అందరూ ఇంటర్నెట్లో పేజీ పెట్టుకుంటున్నారు, నువ్వూ పెట్టుకో. ఆ పేజీ చూసి ఒక్క మనిషి పని చెప్పినా గది నీదే, నేను నోరెత్తను. వానలు మొదలయ్యేలోపు ఎవరూ రాలేదనుకో, నీళ్ల ట్యాంకు కింద గదిలోకి మారిపో."

మరదలు పక్కనే ఉండి, "పాపం, పెద్దావిడ, ఆ కంప్యూటరు ముందు కూర్చుంటే అదే భయపడి ఆగిపోతుందేమో," అందట. ఇవన్నీ రంగులక్కే నాకు చెప్పింది, టీ తాగుతూ, వేరే ఎవరి ఇంటి కబుర్లో చెప్పినట్టు. ఆమెకు తనమీద జాలి ఉండేది కాదు. ఇతరుల మీద అసలే ఉండేది కాదు. మా బ్యాచిలో నత్తిగా మాట్లాడే అమ్మాయి ఒకతె ఉండేది. ఆ పిల్ల ప్రశ్న అడగడం మొదలుపెడితే, "నువ్వు అడిగేలోపు నేను ఇంకో చొక్కా గుండీ కుట్టుకుంటానే," అనేది. ఆ పిల్ల ఏడ్చింది ఒకసారి. రంగులక్క పట్టించుకోలేదు.

పేజీలో ఆమె మొదటి తప్పు స్పేస్ బారే. గోడ మీద ఎలా చేస్తుందో అలాగే చేసింది. దూరం నుంచి చూడటం, కొంచెం జరపడం, మళ్లీ చూడటం. హెడ్డింగు మధ్యకు రావాలంటే ముందు ఖాళీలు కొట్టుకుంటూ పోవడం. అలా కూర్చిన పేజీ ఆమె తెర మీద నిజంగానే నిండుగా ఉండేది. సారు దాన్ని తన ఫోనులో తెరిచి బ్యాచి అందరికీ తిప్పి చూపించాడు. చిన్న తెర మీద లైన్లన్నీ విరిగి, ఒక మాట ఇక్కడ, సగం మాట అక్కడ, చివర ఎక్కడో ఒంటరిగా ఒక సున్న.

"ఆంటీ, ఇది పేజీనా, బస్సు బోల్తా పడ్డాక సామానా?"

ఈసారి నత్తి పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది.

రంగులక్క ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఒక్కొక్కడి చేతిలో గోడ ఒక్కో కొలతన్నమాట," అంది. తర్వాత కిక్కురుమనకుండా సెంటరు బటను నేర్చుకుంది, ఎడమా కుడీ నేర్చుకుంది, హెడ్డింగుకు ఒక సైజు, మాటకు ఒక సైజు నేర్చుకుంది. స్పేస్ బారు చప్పుడు ఆగిపోయింది. గది బోసిపోయినట్టు అనిపించింది నాకు.

రెండో చిక్కు ఖాళీతో వచ్చింది. రాతకు ఊపిరాడాలి, బొమ్మకూ బొమ్మకూ మధ్య చోటుండాలి, లేకపోతే బోర్డు అరుస్తుంది, అనేది ఆమె. ఎంటరు కొట్టి ఖాళీ లైన్లు వదిలేది. సేవ్ చేసి చూస్తే ఆ ఖాళీలన్నీ మాయం. బొమ్మల మీద బొమ్మలు ఎక్కి కూర్చునేవి.

"ఏమీ లేని లైన్లను అది ఉంచదు ఆంటీ, మింగేస్తుంది. గ్యాపుకు వేరే పద్ధతుంది, తర్వాత పాఠంలో చెప్తాను. ఈలోపు దాన్ని కొట్టకండి, అది మీ తమ్ముడు కాదు."

తర్వాత పాఠం దాకా ఆమె ఆగలేదు. గోడ మీద రాత తప్పయితే ఏం చేస్తారు? గీకరు. గీకితే గుంట పడుతుంది. గోడ రంగునే ఇంకో పూత వేస్తారు. కింద రాత అలాగే ఉంటుంది, కళ్లకు మాత్రం గోడే. ఆమె అదే చేసింది. ఖాళీ కావలసిన చోటల్లా ఏవో మాటలు టైపు చేసి, వాటి రంగును తెలుపుకు మార్చింది. తెల్లటి పేజీ మీద తెల్లటి మాటలు. మింగేవాడికి మేత దొరికింది, చూసేవాడికి చోటు దొరికింది.

"సున్నం కొట్టేశాను," అంది నాతో, పెదవి చివర నవ్వుతో.

"ఏం రాశారక్కా వాటిల్లో?"

"ఏదో ఒకటి. చోటు నిండాలి కదా."

టైపు చేసేటప్పుడు ఆమె పెదవులు కదిలేవి. వేళ్లు ఎప్పుడూ లేనంత వేగంగా పరిగెత్తేవి. తర్వాత రంగుల పెట్టెలోంచి తెలుపు మీద నొక్కేది. మాటలు మంచులోకి నడిచి వెళ్లిపోయినట్టు వెళ్లిపోయేవి. ఒక్క లైను మాత్రం నా కంట పడింది, సారు మీసం గురించి. నవ్వాపుకోలేకపోయాను.

పూర్తయిన పేజీని సారు కూడా రెండుసార్లు పైనుంచి కిందికి జరిపి చూశాడు. పైన ఎర్రటి హెడ్డింగు, కొంచెం తెలుపు, కింద సైకిలు షాపు బోర్డు ఫోటో, తర్వాత నెమ్మదైన తెలుపు, తర్వాత ఒక పాత మందుల దుకాణం గోడ, మళ్లీ తెలుపు. చివర ఫోన్ నంబరు. ఆ తెలుపులో కన్ను కాస్త కూర్చుని లేచి ముందుకు వెళ్లేది.

"పర్లేదు ఆంటీ. ఈ గ్యాపు ఎలా వచ్చింది?"

"సున్నం సారూ."

ఆయన జోకనుకున్నాడు.

వానలు ఇంకా రాలేదు. ఒక లాడ్జి ఓనరు ఫోను చేశాడు. పెద్దాయన. మనవరాలు పేజీ చూసి ఇలా ఒకావిడ ఉందని చెప్పిందట. లాడ్జి పక్కగోడ మొత్తం చేత్తో రాయించాలి, ముందు వచ్చి మాట్లాడతానన్నాడు. రంగులక్క నన్ను కూడా రమ్మంది. "కంప్యూటరు గురించి ఏమైనా అడిగితే నువ్వు చెప్పు, నేను రంగు గురించి చెప్తాను."

ముందుగది కడిగి, డబ్బాలు ఒక వరసలో పెట్టింది. తమ్ముడు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఓడిపోతున్నవాడి మర్యాద ఉంది అతని ముఖంలో. లాడ్జి పెద్దాయన కర్ర తడుముకుంటూ లోపలికొచ్చి కూర్చున్నాడు. రెండు కళ్లకూ పొర.

"ఫ్లెక్సు నాకు పడదమ్మా. మెరుస్తుంది, అక్షరం కనపడదు. చేత్తో రాసిన పెద్దక్షరం అయితే ఈ కళ్లతో కూడా ఒక మోస్తరుగా పట్టుకోగలను. నా లాడ్జి పేరు నేను చదువుకోవాలని నా కోరిక."

"చదువుతారు," అంది రంగులక్క. అంత మెత్తగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "మీరు రోడ్డుకి అవతల నిలబడండి. అక్షరమే నడిచి మీ దగ్గరికొస్తుంది."

"పనులు ఏమేం చేస్తారో పేజీలో రాశారటగా. మా మనవరాలు పూర్తిగా చదివి చెప్పలేదు. ఉండండి, విందాం." ఆయన ఫోను తీసి, ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఏదో నొక్కాడు. "నాకు చదివిపెట్టేది ఇదే. పేపరు కూడా ఇదే చదువుతుంది."

ఫోనులోంచి ఒక ఆడగొంతు లేచింది. కోపమూ ప్రేమా లేని గొంతు.

"చేతిరాత బోర్డులు. గోడరాతలు. దుకాణం పేర్లు," అంది ఆ గొంతు. ఊపిరి తీసుకోకుండానే, "సారుకు మీసం రాలేదు గానీ నాలుక మీద ముళ్లు మాత్రం మొలిచాయి," అంది.

పెద్దాయన నవ్వాడు. "ఇదేంటమ్మా, తమాషాగా ఉంది."

రంగులక్కకు ఇంకా అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ గొంతుకు రంగులు తెలియవు. తెలుపేదో ఎరుపేదో దానికి అక్కర్లేదు. నేను చెయ్యి చాచేలోపు అది ముందుకు వెళ్లిపోయింది.

"సైకిలు షాపు బోర్డు, ఫోటో. నాన్న చావు ఫ్లెక్సు మీద, నాన్న ఫోటో పక్కన, తమ్ముడు తన షాపు నంబరు వేసుకున్నాడు. ఏడవడానికి వచ్చినవాళ్లు ఆర్డర్లిచ్చి వెళ్లారు."

తమ్ముడు గోడను వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"అది పేజీలో లేదు," అంది రంగులక్క. "నేను సున్నం కొట్టేశాను." ఫోను లాక్కోవడానికి వెళ్లింది. పెద్దాయనకు ఏం జరుగుతోందో కనపడక, ఎవరో దొంగిలిస్తున్నారనుకుని, ఫోనును రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. ఆయన గుండెల మీద నుంచే ఆ గొంతు చదువుతూ పోయింది.

"పని శుభ్రంగా, చెప్పిన రోజుకు. మందుల దుకాణం గోడ, ఫోటో. మరదలా, నా టర్పెంటైను వాసనకు నీ బిడ్డ చచ్చిపోలేదు. నీ ఒళ్లో ఉండబుద్ధి కాక వెళ్లిపోయింది."

లోపలి తలుపు దగ్గర మరదలు మంచినీళ్ల గ్లాసులతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. గ్లాసులు పడలేదు, పళ్లెం వణకలేదు. ఫోను చివరి నంబరును ఒక్కో అంకె విడదీసి చదివి ఊరుకుంది. మరదలు వచ్చి పెద్దాయన చేతికి గ్లాసు అందించి, లోపలికి వెళ్లిపోయింది.

పెద్దాయన నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు.

"అమ్మా, మీ రాత గొప్పదని విన్నాను. కానీ నాకు కనపడేది పై అక్షరమే. పూత కింద ఏముందో నాకు కనపడదు కదా. రేపు మా గోడలో నా గురించి, పోయిన మా ఆవిడ గురించి ఏం దాగి ఉందోనని రోజూ తడుముకుంటూ కూర్చోలేను." తమ్ముడి వైపుకు తిరిగాడు. "బాబూ, మెరవకుండా ఉండే ఫ్లెక్సు ఉంటుందా?"

తమ్ముడు అక్క ముఖంలోకి చూస్తూనే, "ఉంటుందండి," అన్నాడు. "మ్యాటు ఉంటుంది. కొలతలు రేపొచ్చి తీసుకుంటాను."

మర్నాడు పొద్దున మెషీను నడిచింది. నడిపింది మరదలే. ఇంటి ముందు గోడ మీద, ముందుగది కిటికీ కింద, కొత్త ఫ్లెక్సు వేలాడింది. తెల్లటి దాని మీద నల్లటి పెద్దక్షరాలు. మరదలి మీద రాసిన ఆ రెండు వాక్యాలే, అక్షరం పొల్లుపోకుండా, సరిగ్గా మధ్యకు తెచ్చి, నాలుగు వైపులా సమానంగా చోటు వదిలి. కింద ఎవరు రాశారో కూడా ఉంది: రంగులక్క అని. జనం ఆగి చదివారు. పాలపొట్లాలు తెచ్చేవాడు సైకిలు దిగి చదివాడు. సారు వచ్చి చదివి, ఫోటో తీసుకోబోయి, మరదలు చూస్తుంటే ఫోను జేబులో పెట్టుకున్నాడు.

రంగులక్క వీధిలోకొచ్చి, పనిని చూసే అలవాటున్న మనిషి లాగా, నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది.

"ఎలా ఉంది వదినా?" అంది మరదలు అరుగు మీద నుంచి. "మీ అంత బాగా రాదులెండి నాకు."

"బాగానే ఉంది. చెయ్యి వణక్కుండా వేశావు."

"వణుకుతూనే వేశాను. మెషీనుకు చెయ్యితో పని లేదు కదా."

కాసేపు ఇద్దరూ ఆ ఫ్లెక్సునే చూశారు, పక్కింటి గోడను చూసినట్టు.

"ఒక్కటి అడుగుతాను వదినా. అది రాస్తున్నప్పుడు మీకు సంతోషమేసిందా?"

"లేదు," అంది రంగులక్క. "ఆ మాటలకు ఖాళీ సరిపోతుందా లేదా అని చూసుకున్నాను. అంతే."

మరదలి ముఖం అప్పుడు మారింది. బిడ్డ మాట విన్నప్పుడు మారనిది, ఈ మాటకు మారింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరిగెత్తింది. ఆ ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది.

రంగులక్క ముందుగదిలోకి వెళ్లి నిచ్చెనను బయటికి మోసుకొచ్చింది. తర్వాత డబ్బాలు. ఎవరూ చెప్పలేదు ఆమెకు. తమ్ముడు వచ్చి, "వెళ్లమని నేను అనలేదు అక్కా," అన్నాడు.

"అనలేదురా. ఆ మెషీను ఏ మూల పెడతావో చూసుకో. కిటికీకి పరదా కట్టు, వెలుతురుకు ఫ్లెక్సు రంగు పోతుంది."

నీళ్ల ట్యాంకు కింద గదికి ఆమె వెళ్లలేదు. వీధి వెనక వడ్రంగి షెడ్డుకు ఆనుకుని ఒక రేకుల గది దొరికింది. కిటికీ లేదు. తలుపు తీసి ఉంచితే రంపపు పొట్టు లోపలికొచ్చి తడి రంగు మీద వాలుతుంది, మూస్తే చీకటి. అక్కడ అక్షరం రాయడం కుదరదని చూడగానే తెలిసిపోతుంది. వానలు మొదలయ్యే ముందు ఒకసారి వెళ్లాను. బ్రష్షులు ఒక గుడ్డలో చుట్టి మూలన పెట్టి ఉన్నాయి. వెంట్రుకలు గట్టిపడిపోయాయి. వాటిని కడగలేదు ఆమె. వడ్రంగి కుర్చీలకు పాలిషు రుద్దుతూ కూర్చుంది.

పేజీ ఇంకా ఇంటర్నెట్లో అలాగే ఉంది. వీధిలో వాళ్లు ఫోన్లలో తెరిచి, ఆ గొంతు చేత చదివించుకుని నవ్వుకుంటున్నారని చెప్పాను. ఆ తెల్ల మాటలను నేను తీసేస్తానని, గ్యాపు పెట్టే పద్ధతి సారు తర్వాత పాఠంలో చెప్పాడని, తేలికేనని చెప్పాను.

ఆమె రుద్దడం ఆపలేదు.

"ఉండనీ. తీస్తే బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి," అంది. కుర్చీ కోడును వెలుతురు వైపుకు తిప్పి చూసుకుంది. తర్వాత నా వైపు, మొదటిసారి చూస్తున్నట్టు, కొంచెం వెనక్కి జరిగి చూసింది.

"పక్కనే కూర్చున్నావు ఇన్నాళ్లూ. చివర్లో ఒక ఖాళీ మిగిలితే నీ మీద రాద్దామనుకున్నాను. ఎంత ఆలోచించినా ఏమీ తోచలేదు. ఫోన్ నంబరు పైకి జరిపేశాను."